పాత కారుకి కొత్త ఇంజెక్టర్లా?

స్టవ్ బర్నర్ రంధ్రాలు మూసుకుపోతే మంట పచ్చగా మారి గిన్నెలు మసిబారతాయి కదండీ! పాత పెట్రోలు కారులో ఇంజెక్టర్ల సంగతీ అంతే. ఇంజనులోకి పెట్రోలుని తుంపరగా చిమ్మేవి అవే. వాటిలో మడ్డి పేరుకుంటే బండి కుదుపులిస్తుంది, మైలేజీ పడిపోతుంది.

మెకానిక్ "మార్చెయ్యాలమ్మా" అనగానే డబ్బు తీయకండి. ముందు శుభ్రం చేయించి, ఒక్కొక్కటీ ఎంత చిమ్ముతోందో పరీక్ష పెట్టించండి. చాలాసార్లు అక్కడితోనే తీరిపోతుంది. తీరకపోతే పాతదాని పార్టు నంబరుకి సరిపడేవే కొనండి. చూపుకి ఒకేలా ఉన్నా చిమ్మే కొలత వేరుగా ఉండొచ్చు.

రబ్బరు ఓ-రింగులు మాత్రం పాతవి మళ్లీ వేయనివ్వకండి. అవి కారితే ఇంజను వేడికి నిప్పంటుకోవచ్చు. బిగించాక పెట్రోలు వాసన వస్తే వెంటనే ఇంజను ఆపించండి. రింగు చిన్నదే, కానీ పిల్లల్ని ఎక్కించుకునే బండి కదా!