అల్లుడి ఉంగరానికి అప్పు చేయకండి

నెలగంట పెట్టేశారు. పెద్ద పండుగకు ఇక నెల కూడా లేదు. ఏడాదంతా తీరని అప్పులు మన ఇళ్లలో పుట్టేది సరిగ్గా ఈ రోజుల్లోనే. కూతురికి పెళ్లయ్యాక వచ్చే తొలి సంక్రాంతి అయితే ఇక చెప్పనక్కర్లేదు. అల్లుడికి ఉంగరమో బండో, కూతురికి పట్టుచీర, వియ్యాలవారికి బట్టలు, ఆడపడుచుకు చీరా పసుపుకుంకుమా, పిల్లలకు రెండేసి జతలు. తెలంగాణలో ఈ బరువు దసరాకే పడుతుంది. డబ్బు చేతిలో ఉండి పెట్టేవాళ్లకు ఎవరూ అడ్డు చెప్పరు. లేకుండా పెట్టబోతున్నవాళ్ల కోసమే ఈ హెచ్చరిక. ఫోన్లో లోన్ యాప్ తెరిచే ముందు, గాజులు తాకట్టుకు పట్టుకెళ్లే ముందు ఒక్క రాత్రి ఆగండి.

సంక్రాంతి కోతల తర్వాతి పండుగ. ధాన్యం ఇల్లు చేరాకే కొత్త బట్టలు, కొత్త బియ్యంతో పొంగలి, అరిసెలు. వృత్తిపనివాళ్లకు కళ్లంలోనే గింజలు కొలిచేవారు. పెట్టుపోతలు పంట వెనకే నడిచేవి. ఇప్పుడు ధాన్యం డబ్బు ఖాతాలో పడని రైతుకైనా, ఒకటో తారీఖు జీతం మీద బతికే ఇంటికైనా పండుగే ముందు వచ్చేస్తోంది. ఆ మధ్యలోని ఖాళీలోకే వడ్డీ వ్యాపారి జొరబడతాడు. వెనకటికి వాడు వీధి చివర ఉండేవాడు, ఇప్పుడు మన జేబులోనే ఉన్నాడు.

వడ్డీ మనకు శాతాల్లో కంటే రూపాయల్లో బాగా అర్థమవుతుంది. నూటికి రూపాయి అంటే ధర్మవడ్డీ. రెండంటే సర్దుకుంటాం. నాలుగంటే ఊళ్లో ఆ మనిషికి పేరు పడిపోతుంది. క్రెడిట్ కార్డు బాకీని అదే లెక్కలో చూడండి. చాలా కార్డుల మీద అది నెలకు నూటికి మూడు నుంచి మూడున్నర రూపాయల వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. మూడున్నర చొప్పున 40,000 బాకీకి ఒక నెల వడ్డీ 1,400, పన్ను 252. బిల్లులో ‘కనీస మొత్తం’ అని చూపే 2,000 కట్టి ఊపిరి పీల్చుకుంటాం. అందులో అసలుకు జమయ్యేది సుమారు 350 రూపాయలే. పాత బాకీ అలా మిగిలి ఉండగా అదే కార్డు మీద చీర కొంటే, దానికి గడువు రోజులేమీ ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ. ‘వడ్డీ లేని వాయిదా’ను కూడా నమ్మకండి. సున్నా వడ్డీ అనే మాటే ఉత్తదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. రొక్కానికి ఇచ్చే తగ్గింపులోనో ప్రాసెసింగ్ ఫీజులోనో ఆ వడ్డీ ఎక్కడో ఒకచోట దాగి ఉంటుంది.

దొంగ యాప్‌ల లెక్క ఇంకా ఘోరం. 5,000 అప్పు అని చూపించి, ముందే 1,500 కోసుకుని, 3,500 చేతిలో పెట్టి, ఏడో రోజున 5,000 కట్టమంటాయి. అంటే వారానికి నూటికి 43 రూపాయలు! కట్టలేకపోతే రెండో యాప్, దాన్ని తీర్చడానికి మూడోది. ఈలోగా ఫోన్లోని నంబర్లన్నీ వాళ్ల చేతికి చిక్కుతాయి. వియ్యంకుడి ముందు పరువు నిలబెట్టుకోవాలని చేసిన అప్పు గురించి ఆ వియ్యంకుడికే ఫోన్ వెళుతుంది.

ఇదంతా మనం ఎరగనిది కాదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్లకు తాళలేక జనం ప్రాణాలు తీసుకుంటుంటే 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల దారుణాలు బయటపడ్డాయి. 2020 చివర్లో హైదరాబాద్ చుట్టుపక్కల లోన్ యాప్‌ల వేధింపులు ప్రాణాలు తీశాయి. పదేళ్లలో మూడుసార్లు దెబ్బ తిన్నాం. నాలుగోది మన గడపలోంచి రాకూడదు.

అసలు చిక్కంతా నోరు తెరిచి చెప్పలేకపోవడంలో ఉంది. ‘ఈ ఏడు చేతిలో లేదు’ అనే నాలుగు ముక్కలు గొంతు దాటవు. తండ్రి చెప్పలేడు, తల్లి చెప్పనివ్వదు, కూతురు చాటుగా ఏడుస్తుంది. అందుకే ఈ మాట ముందుగా పుచ్చుకునేవాళ్లను అడుగుతున్నాను. కొత్త అల్లుళ్లూ, మీరే ఈ రాత్రి అత్తగారింటికి ఫోన్ చేయండి. ‘మామయ్యగారూ, పండక్కి వస్తున్నాం, భోజనం చేసి నాలుగు రోజులు ఉంటాం, ఇంకేమీ పెట్టుకోకండి’ అనండి. మొహమాటానికి అన్నట్టు కాదు, రెండోసారి మళ్లీ చెప్పండి. అత్తగార్లూ, కోడలి పుట్టింటివాళ్లు ఏం పెట్టారని ఇరుగుపొరుగు ఆరా తీస్తే, ఆ ప్రశ్నను అక్కడే ఆపేయగలిగేది మీరే. పెళ్లికి ముడిపెట్టి ఇది కావాలని, అది తక్కువైందని అడిగితే మాత్రం, అడిగింది పండుగ రోజున అయినా, పెళ్లయిన ఎన్నేళ్లకైనా, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అది కట్నం అడగడమే. దానికి జైలు ఉంది.

ఇచ్చేవాళ్లు ఈ వారంలోనే కాగితం మీద రాసుకోండి. ఫిబ్రవరి అద్దె, పిల్లల ఫీజు, మందులు, ఉన్న వాయిదాలు ముందు తీసి పక్కన పెట్టండి. మిగిలిందే పండుగ డబ్బు, అది మూడు వేలైనా సరే. పేర్లు రాసి, పేరు పక్కన అంకె వేసి, ఆ రొక్కమే తీసుకుని దుకాణానికి వెళ్లండి. కార్డు ఇంట్లోనే వదిలేయండి. పిల్లలకు దాచకుండా చెప్పండి. వాళ్లు మనం అనుకున్న దానికన్నా బాగా అర్థం చేసుకుంటారు. గేదె కొంటామని గ్రూపులో తీసుకున్న డ్వాక్రా డబ్బును చీరలకు మళ్లించకండి. మీ కిస్తీ ఆగితే ఆ భారం పక్కింటి ఆవిడ మీద పడుతుంది. ఇంట్లో వండిన అరిసెలు, సున్నుండలు డబ్బా నిండా పెట్టిచ్చిన సారెను తక్కువ చేసి చూసే బంధువు కోసం అప్పు చేయనే వద్దు. వచ్చే సంక్రాంతికి కావాలంటే ఉగాది నుంచే నెలకు వెయ్యి చొప్పున బ్యాంకులో దాచుకోండి. రిజిస్ట్రేషన్ లేని పండుగ చీటీల్లో మాత్రం కట్టకండి.

ఇప్పటికే యాప్ అప్పులో ఇరుక్కున్నారా? దాన్ని తీర్చడానికి మరో యాప్ తెరవకండి. ఈ రోజే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. బెదిరింపు మెసేజ్‌లు, ఫొటోలు చెరపకుండా దాచి 1930కి ఫోన్ చేయండి, పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. అప్పు ఇచ్చింది బ్యాంకో గుర్తింపు ఉన్న ఫైనాన్స్ సంస్థో అయినా, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. బంధువులకు ఫోన్ చేసి అవమానించడానికీ ఒప్పుకోవు. బతకాలనిపించని రాత్రి ఎదురైతే, ఏ వేళైనా సరే, 14416కి చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు, డబ్బులేమీ పడవు.