నందలూరు స్తూపాలకు దారి చూపండి

రాష్ట్ర పర్యాటక, పురావస్తు శాఖల అధికారులకు,

జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వచ్చే యాత్రికుడికి కడప సీమ అంటే కోటలు, గుళ్లే. చెయ్యేటి ఒడ్డున, నందలూరు దగ్గరి లంజకనుమగుట్టపై బౌద్ధ స్తూపాల, విహారాల శిథిలాలున్నాయని ప్రొద్దుటూరు, పులివెందుల వాసుల్లోనే ఎందరికి తెలుసు? అక్కడ దొరికిన శాతవాహన నాణేలు ఆ గుట్ట ప్రాచీనతకు సాక్ష్యం. మిగిలింది ఇటుక పునాదులే, చూడ్డానికి ఎవరొస్తారనే మాట ఒకటుంది. అమరావతి బౌద్ధ స్తూపంలో మిగిలిందీ దిబ్బే. శిల్పాల్లో పెద్ద భాగం లండన్, చెన్నై మ్యూజియాలకు చేరింది. అయినా జనం వెళ్తున్నారు. విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండపైనా చూసేది పునాదులూ మొండి గోడలే. రద్దీ పెరిగితే శిథిలాలు దెబ్బతింటాయన్న భయం సబబే. కానీ ఎవరూ పట్టించుకోని దిబ్బకు అంతకంటే పెద్ద ముప్పు. ముందు కాపలా, తెలుగులో వివరాల పలక ఏర్పాటు చేయండి. ఆపైన గండికోట యాత్రలో నందలూరునూ చేర్చండి.