ఎత్తొక్కటే చాలదు



ఆదివారం సంచికలో బాస్కెట్‌బాల్ దిగ్గజాలపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ డికెంబే ముటోంబోను ‘ఎత్తు తప్ప పాయింట్లు లేని ఆటగాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం. కిన్షాసాలో పుట్టిన ఆయన ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు, నిజమే. అంత పొడగరులు ఎన్‌బీఏలో ఇంకా ఉన్నారు. మరి ఉత్తమ డిఫెండర్ అవార్డు నాలుగుసార్లు (1995, 1997, 1998, 2001) ఎంతమందికి దక్కింది?

1994 ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో ఎనిమిదో సీడ్ డెన్వర్ టాప్ సీడ్ సియాటిల్‌ను ఇంటికి పంపింది. ఎన్‌బీఏలో అలా జరగడం అదే మొదటిసారి. ఐదు మ్యాచ్‌ల్లో ముటోంబో అడ్డుకున్న షాట్లు 31. ఆట ముగియగానే బంతిని రెండు చేతులా పట్టుకుని, నేలమీద వెల్లకిలా పడి ఆనందంతో కేకలు పెట్టిన ఆ దృశ్యం చూసినవాళ్లెవరూ డిఫెన్స్‌ను చిన్నచూపు చూడరు. మొత్తం కెరీర్‌లో ఆయన బ్లాక్‌లు 3,289. ఆ లెక్కలో ఆయనకంటే ముందున్నది నైజీరియాలో పుట్టిన హకీమ్ ఒలాజువాన్ ఒక్కరే. పైగా, బ్లాక్‌ల లెక్కలో చేరేది చేతికి తగిలిన బంతే. ఆయన్ను చూసి వెనక్కి తగ్గిన షాట్లకు ఖాతా ఏదీ?

షాట్ ఆపి వేలు ఊపడం పొగరన్నారు. ప్రత్యర్థిని ఎగతాళి చేస్తే ఫౌల్ అన్నాక, ప్రేక్షకుల వైపు తిరిగి ఊపిన కొంటెతనమది. ఆటలో వచ్చిన సంపాదనతో ఆయన కిన్షాసాలో తల్లి పేరిట ఆసుపత్రి కట్టించారు. ఆ సంగతి వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

2024లో కన్నుమూసిన ఆ ఆటగాడిపై పూర్తి వ్యాసం ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు, గుంటూరు