చీలమండ దాకా జోళ్లు

ఈ వారం టపాలో ఒక జోళ్ల ఉత్తరం వచ్చింది. పట్టుచీరె మీద మరకల గురించీ, ఆవకాయకు పట్టిన బూజు గురించీ వ్రాసిన సోదరీమణులు ఒక్క వారం ఓపిక పట్టాలి. మరకలు ఎక్కడికీ పోవు. ఈ అమ్మాయికి మాత్రం తొందర ఉంది.

కశింకోట వైపు పల్లెటూరి పిల్ల. రోజూ బస్సెక్కి అనకాపల్లి వచ్చి డిగ్రీ చదువుతోంది. కళాశాల జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుందట. ఎగిరి దిగడంలో కుడి చీలమండ బెణికి మూడు వారాలు ఇంట్లో కూచుంది. "పిన్నిగారూ, ఇహ ఆట చాలించమని ఇంట్లో అందరూ అంటున్నారు. మా నాన్న ఒక్కరే, చీలమండ దాకా కప్పే హైటాప్ జోళ్లు వేసుకుంటానంటే ఆడుకోమన్నారు. ఆటో నడిపి కూడబెట్టిన దాంట్లోంచి మూడువేలు ఇస్తానన్నారు. మళ్లీ కాలు బెణికితే మాత్రం ఆట ఆఖరు. ఏ జోళ్లు కొనమంటారు? చూడ్డానికి బాగుండాలి కూడానండీ" అని వ్రాసింది.

ఆ చివరి మాట నాకు నచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల సొగసు కోరకపోతే ఇంకెవరు కోరతారు? కాని అంతకుముందు మాట ఒకటుంది, అది తేలితేగాని సొగసు జోలికి పోలేము. మూడువేల రూపాయల జోడు చీలమండను కాపాడుతుందా?

కాపాడుతుందన్న నమ్మకం నిన్న మొన్నటిది కాదు. ఈ జోడు పుట్టిందే ఆ ఆట కోసం. రబ్బరులో గంధకం కలిపి కాచి గట్టిపరిచే పద్ధతి 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. అంతకుముందు రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసెక్కేది. ఆ తర్వాతే గుడ్డ పైభాగానికి రబ్బరు అడుగు అతికించిన జోళ్లు వచ్చాయి. తోలు బూట్లలా టకటకలాడవు గనక, పిల్లిలా చప్పుడు లేకుండా రావచ్చు గనక, అమెరికావాళ్లు వాటికి స్నీకర్లని పేరుపెట్టారు. బాస్కెట్‌బాల్‌ను 1891లో స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు కల్పించాడు. 1917లో కాన్వర్స్ కంపెనీవారు చీలమండ దాటే కాన్వాసు జోడు తెచ్చారు. చక్ టేలర్ అనే ఆటగాడు దాన్ని ఊరూరా తిప్పి అమ్మాడు. 1930లలో ఆయన సంతకం జోడు మీది నక్షత్రపు బిళ్ల మీదికే ఎక్కింది. 1985లో నైకీవారు మైకేల్ జోర్డాన్ పేరిట తోలు హైటాప్ అమ్మకానికి పెట్టాక ఈ జాతి జోడు మైదానం దాటి వీధిలోకి వచ్చేసింది. మనకు మాత్రం కాన్వాసు జోడంటే బాటావారు 1936లో బడిపిల్లల కోసం తెచ్చిన పొట్టి తెల్లజోడే. సుద్దముక్క రాసి తెల్లబరిచినవాళ్లు ఈ పేజీ చదివేవారిలో చాలామంది ఉంటారు. చీలమండ దాకా బూటు వేసుకున్నవాడు కనిపిస్తే వాడు పోలీసో, సైన్యంలో వాడో అయి ఉండేవాడు.

సరే, నమ్మకం సంగతి. 1993లో ఒక అమెరికా వైద్య పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. కళాశాలలో బాస్కెట్‌బాల్ ఆడే 622 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టుగా విడదీసి, కొందరికి హైటాప్ జోళ్లు, కొందరికి గాలితిత్తులున్న హైటాప్‌లు, కొందరికి పొట్టిజోళ్లు తొడిగి ఒక ఆటకాలమంతా చూశారు. చీలమండ బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. ఎగిరి దిగేటప్పుడు వంటి బరువంతా ఒక్క క్షణంలో పాదం అంచు మీద పడుతుంది. ఆ బరువును రెండంగుళాల గుడ్డ ఎక్కడ ఆపుతుంది?

మరి ఏది ఆపుతుంది? ఒకసారి బెణికిన చీలమండే మళ్లీ బెణుకుతుంది. అందుచేత ఆ కాలికే ముందు చదువు చెప్పాలి. ఒంటికాలి మీద కొంగలా నిలబడి తూకం నిలుపుకోవడం, తర్వాత కళ్లు మూసుకుని నిలబడడం, తర్వాత మెత్తని దిండు మీద నిలబడడం. ఇలాంటి అభ్యాసం వారాల తరబడి చేసిన ఆటగాళ్లకు బెణుకులు తగ్గినట్టు పరీక్షించి చూశారు. తాళ్లతో బిగించుకునే చీలమండ పట్టీ ఒకటి మందుల దుకాణాల్లో దొరుకుతుంది. దానివల్లా తగ్గుతాయని తేలింది. ఫిజియోథెరపీ తెలిసినవారికి ఒకసారి కాలు చూపించి, ఆడవచ్చునని వారు చెప్పాకే మైదానంలో దిగడం మంచిది.

అమ్మాయీ, పై పేరా మీ నాన్నగారికి చదివి వినిపించు. ఆయన మంచి మనసుతోనే షరతు పెట్టారు. కాని ఆ షరతు జోడు మీద పెట్టారు. రేపు హైటాప్ వేసుకునే నీ కాలు బెణికిందనుకో, డబ్బూ పోయింది, ఆటా పోయింది, 'చెప్పానా!' అనేవాళ్లు మిగులుతారు. షరతును జోడు మీదనుంచి అభ్యాసం మీదికి మార్చమని అడుగు. రోజూ పొద్దున్న తులసికోట పక్కన పది నిమిషాలు ఒంటికాలి మీద నిలబడుతుంటే ఆయనే చూసి లెక్క పెట్టుకోవచ్చు. మూడువేలూ జోళ్లకే పోయకుండా పట్టీకి కొంత మిగుల్చుకో.

అయితే హైటాప్ కొనవద్దా? ఎందుకు వద్దు, భేషుగ్గా కొను. సరిగ్గా కుదిరిన హైటాప్ మడమను జారనివ్వదు, చీలమండ ఎముకకు దెబ్బ తగలనివ్వదు, చూడ్డానికి బాగుంటుంది. ఈ మూడూ చాలు. నాలుగో గుణం దానికి అంటగట్టవద్దు.

ఇహ కుదురు సంగతి. అంగడిలోకి వెళ్లగానే "ఎనిమిదో నంబరివ్వండి" అంటాము. ఆ ఎనిమిది ఎవరి ఎనిమిది? ఇంగ్లీషువారి నంబరుకూ నంబరుకూ మధ్య అంగుళంలో మూడోవంతు తేడా. బార్లీగింజ పొడుగును పట్టి వచ్చిన లెక్క అది. ఐరోపా నంబరుకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. పోనీ ఇంగ్లీషు నంబరు ఒకటే పట్టుకుందామంటే, మగవారి జోళ్లలో నైకీవారి 8 డబ్బా మీద 27 సెంటీమీటర్లని ఉంటుంది, అడిడాస్‌వారి 8 మీద ఇరవై ఆరున్నర. కాన్వర్స్ ఆల్‌స్టార్ పొడుగు ఎక్కువ, వెడల్పు తక్కువ. అంచేత నంబరు మరిచిపోయి డబ్బా మీద సెంటీమీటర్లు చూడండి. పాత దినపత్రిక మీద నిలబడి, పెన్సిలు నిలువుగా పట్టుకుని రెండు పాదాలూ గీయించుకోండి. ఏది పెద్దదో దాని కొలతే మీ కొలత. సాయంత్రం పూట గీయించుకోవాలి; పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బుతుంది.

పొడుగు కుదిరినా వెడల్పు దగ్గర మనకు చిక్కుంది. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిపించారు. మనవాళ్ల పాదాలు ఐరోపా, అమెరికావారి పాదాలకన్నా వెడల్పని తేలింది. ఆ కొలతలను పట్టుకుని 'భా' అనే పేరుతో మన సొంత నంబర్ల పద్ధతి ప్రతిపాదించారు. ఇన్నాళ్లూ వెడల్పు చాలక మనం ఒక నంబరు పెద్దది కొనుక్కుని, తాళ్లు బిగించి సర్దుకుంటూ వచ్చామన్నమాట. పొట్టిజోడులో ఈ సర్దుబాటు కొంత నడుస్తుంది. హైటాప్‌లో నడవదు. పెద్ద జోడులో పాదం ముందుకు జారుతుంది, పై అంచు వచ్చి మడమ వెనక నరాన్ని కోస్తుంది.

అంగడిలో చెయ్యవలసిన పరీక్ష చెబుతాను. లోపలి అట్ట బయటకు లాగి నేలమీద పెట్టి దానిమీద నిలబడండి. చిటికెనవేలు అట్ట దాటి బయటికి వస్తే ఆ జోడు మీది కాదు, ఎంత అందమైనదైనా సరే. వస్తుంటే వేసుకునే మేజోళ్లు తోడుగా తీసుకువెళ్లండి. తాళ్లు పైదాకా కట్టి, బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉందో లేదో చూడండి. తర్వాత అక్కడే గొంతుకూచుని లేవండి. కుర్రవాడు నవ్వితే నవ్వనివ్వండి. నేను మెయిన్ రోడ్డులో ఒక అంగడిలో ఈ పని చేస్తే "అమ్మగారూ, ఇది నడిచే జోడండీ, కూచునేది కాదండీ" అన్నాడు. కాని మనం కూచునే జాతివాళ్లం. కూచున్నప్పుడు చీలమండ పూర్తిగా వంగుతుంది. పై అంచు గుచ్చుకునేదైతే అక్కడే బయటపడుతుంది. గుచ్చుకున్నది వాడుకలో మెత్తబడుతుందని అంగడివారు చెబుతారు. తోలు కొంత మెత్తబడుతుంది. రెక్సిను మెత్తబడదు, పగులుతుంది. ఫోనులో చూసి తెప్పించుకునేవారు ఈ పరీక్షలన్నీ ఇంట్లో చాప మీద చేసి, అడుగు మాయకుండా ఉండగానే కుదరనిది వాపసు పంపెయ్యండి.

షుగరు జబ్బున్న పెద్దవారికి ఒక్క మాట. అరికాలి స్పర్శ తగ్గినవారికి జోడు కరిచినా తెలియదు, చిన్న పుండు పెద్దదై ప్రాణం మీదికి వస్తుంది. మనవడి హైటాప్ మీద మోజు పడినా సరే, డాక్టరుగారికి పాదం చూపించనిదే కొనవద్దు.

అడుగు సంగతి చాలామంది పట్టించుకోరు. ఆటకైతే, మన కళాశాలల్లో చాలావరకు సిమెంటు నేలలే గనక, మెత్తని జిగురు రబ్బరు అడుగు నాలుగు నెలల్లో అరిగిపోతుంది. గట్టి రబ్బరు, లోపల మెత్తని పొర ఉన్నది చూసుకోవాలి. పాతకాలపు పలుచని కాన్వాసు జోడు వీధికి బాగుంటుంది గాని ఎగిరి దూకడానికి తగదు. ఇంకో ముఖ్యమైన సంగతి: కొన్ని జోళ్ల అడుగు పాలీయూరిథేన్‌తో చేస్తారు. గాలిలోని తేమ దాన్ని లోలోపల తినేస్తుంది. మనది సముద్రానికి దగ్గరి ఊరు, తేమకు కొదవలేదు. పెళ్లికని కొని బీరువాలో దాచిన జోడు, తీసి తొడుక్కుంటే అటుకుల్లా రాలిపోవడం మీరు చూసే ఉంటారు. అంగడిలో నిలవున్న జోడుకూ అదే గతి. డబ్బా మీద ధరతోపాటు తయారైన నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. సగం ధరకు ఇస్తున్నారంటే ముందు అది చదవండి. పేరున్న కంపెనీ బొమ్మ వేసి 'ఫస్ట్ కాపీ' అని అమ్మేవాటి జోలికి నేను పోను, మిమ్మల్నీ పొమ్మనను.

సొగసు. హైటాప్ చీలమండ దగ్గర కాలిని అడ్డంగా కోసినట్టు చూపిస్తుంది. పొట్టివారు తెల్లని జోడు మీద నల్లని పంట్లాం వేస్తే ఇంకా పొట్టిగా కనబడతారు. పంట్లాం రంగుకు దగ్గరి రంగు జోడైతే కాలు పొడుగ్గా ఉంటుంది. పంట్లాం అంచు జోడులో దోపుకోవద్దు; జోడు పైఅంచుకు కాస్త పైన ఆగితే ముచ్చటగా ఉంటుంది. చుడీదారుకు హైటాప్ చక్కగా అమరుతుంది. కుచ్చెళ్ల సల్వారుకు అమరదు, ఏనుగు కాలికి గొలుసు వేసినట్టుంటుంది. చీరె కింద కూడా వేస్తున్నారు ఈ కాలపు పిల్లలు. నాకు మొదట నచ్చలేదు గాని, మొన్న వానలో సంత బురద దాటుతున్న ఒక కొత్త ఉద్యోగినిని చూశాక నోరు మూసుకున్నాను.

ఇన్ని చెప్పినా మన ఊళ్లో హైటాప్‌కు అసలు కష్టం గడప దగ్గర. తెల్లవాళ్లు చాలామంది పొద్దున్న కట్టిన తాళ్లు రాత్రి విప్పుతారు. మనం రోజుకు పదిసార్లు విప్పాలి. పక్కింటికి వెళితే విప్పాలి, డాక్టరుగారి గదిలో విప్పాలి. కొత్తమావాస్యకు గవరపాలెంలో నూకాలమ్మవారి గుడి ముందు, వెనక జనం తోస్తుంటే, ఎనిమిది జతల కన్నాల్లోంచి తాళ్లు లాగుతూ ఒంటికాలి మీద గెంతే కుర్రవాణ్ణి తలచుకోండి. తిరిగివచ్చేసరికి అవి అక్కడ ఉంటాయన్న హామీ లేదు, కొత్త జోడైతే మరీను. గుడికి చెప్పులే వేసుకు వెళ్లండి. రోజూ వాడకానికైతే పక్కన జిప్పు ఉన్న హైటాప్ తీసుకోండి, తాళ్లు అలంకారానికి ఉంటాయి. ఆటకు మాత్రం జిప్పు వద్దు. బొజ్జన్నకొండ మెట్లెక్కి వద్దామనుకునేవారికి తాళ్ల జోడే మేలు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారకుండా పై కన్నాలు బిగించుకోవచ్చు.

పొడుగు జోడులో చెమట ఎక్కువ నిలుస్తుంది. నూలు మేజోడు చెమట పీల్చుకుంటుంది గాని త్వరగా వదలదు, తడిసి ఒరుసుకుని బొబ్బలెక్కిస్తుంది. ఆటకు మిశ్రమం నూలు మేజోళ్లు మంచివి. రెండు జతల జోళ్లుంటే రోజు విడిచి రోజు వాడుకోండి. తడిసిన జోడును మండుటెండలో పెడితే జిగురు ఊడుతుంది. తాళ్లు విప్పి, నాలుక బయటికి లాగి, లోపల కాగితాలు కుక్కి నీడలో గాలికి పెట్టాలి. దానికి దినపత్రిక వాడండి. వారపత్రిక నునుపు కాగితం తడి పీల్చదు, పైగా ఈ వారం సీరియలు ఇంకా చదవనివాళ్లు ఇంట్లో ఎవరో ఒకరుంటారు.