రూపాయికి 8 పైసలు

ఇంటిపన్ను రసీదులో మన కళ్లు నేరుగా కింది మొత్తం మీదికే పోతాయి. ఆ పైన గ్రంథాలయ సెస్సు అనే చిన్న పద్దు ఒకటుంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయాల కోసం విడిగా వసూలు చేస్తారు. రాష్ట్రం రెండుగా విడిపోయినా ఈ పద్దు మాత్రం రెండుచోట్లా కొనసాగుతోంది. లెక్కప్రకారం నాలుగు వేలు పన్ను కట్టే కుటుంబం ఏటా 320 రూపాయలు గ్రంథాలయానికి చెల్లిస్తోంది. అద్దెకున్నవాళ్లు ఇంటి యజమాని ద్వారా ఎలాగూ చెల్లిస్తూనే ఉన్నారు. ఇంత మంది చందాదారులున్న సంస్థ తెలుగునాట మరొకటి ఉందో లేదో గానీ, తాము చందాదారులమని తెలియని సభ్యులు ఇంత మంది ఉన్న సంస్థ మాత్రం ఖాయంగా లేదు.

కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తాం. కుళాయి రెండు రోజులు రాకపోతే కౌన్సిలర్ ఇంటిముందు బిందెలు పెడతాం. అదే శాఖా గ్రంథాలయానికి నెలల తరబడి తాళం వేసి ఉన్నా అడిగే నాథుడు ఉండడు. ఫోన్లు వచ్చాయి, చదివేవాళ్లు తగ్గారు అన్నది అందరూ చెప్పే జవాబు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఫోన్లు రాకముందే, టీవీలు కూడా ఇంటింటికీ చేరకముందే ఈ ఉదాసీనత మొదలైంది. ఊరు తన చేతులతో కట్టుకున్న గ్రంథాలయం మెల్లగా ఒక ప్రభుత్వ కార్యాలయంగా మారిపోయింది. ఊరివాళ్లు అక్కడ సందర్శకులుగా మిగిలారు. అసలు జబ్బు అక్కడుందని నా అభిప్రాయం.

మొదట్లో అలా లేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసినప్పుడు దాని వెనుక సర్కారు లేదు. పైగా అది ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యం. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివారు పూనుకుని పెట్టిన సంస్థ అది. మూడేళ్లకు హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. తెలుగులో నాలుగు మాటలు బహిరంగంగా మాట్లాడుకోవడానికి చోటు దొరకని కాలంలో ఇవి ఆ చోటు కల్పించాయి. గస్తీ నిశాన్ 53 లాంటి ఉత్తర్వులతో సభల మీద కట్టడి ఉన్న రాజ్యంలో గ్రంథాలయ వార్షికోత్సవం అంటే పుస్తకాల పండుగ ఒక్కటే కాదని పాలకులకూ తెలుసు, వచ్చినవాళ్లకూ తెలుసు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మిన మనిషి. తర్వాతి తెలంగాణ రాజకీయాలను ఈ నేపథ్యం లేకుండా చెప్పుకోలేం.

కోస్తాలో కథ మరో దారిన నడిచింది. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. దాని వెనుక తిరిగిన కాళ్లు అయ్యంకి వెంకటరమణయ్యవి. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు, ఆంధ్ర విశ్వవిద్యాలయం లేదు, గ్రంథాలయ చట్టమూ లేదు. అయినా ఊరూరా ఉన్న పఠన మందిరాలు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. గ్రంథాలయ యాత్రలు చేశారు. సొంత పత్రిక నడిపారు. స్వరాజ్య పత్రికలో రాతల కోసం జైలుకెళ్లి వచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు తర్వాతి కాలంలో ఈ ఉద్యమానికి పెద్దదిక్కయ్యారు. వయోజన విద్యనూ గ్రంథాలయాన్నీ ఆయన విడదీసి చూడలేదు.

నాకు వీటన్నిటిలోకీ ఎక్కువ ఇష్టమైన ఘట్టం 1935 నాటిది. కృష్ణా పశ్చిమ డెల్టాలో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపారు. అప్పట్లో ఆ ప్రాంతంలో జనం రాకపోకలు పడవల మీదే. పడవ ప్రయాణమంటే గంటల వ్యవహారం. ఖాళీగా కూర్చున్న ప్రయాణికుడి చేతికి పుస్తకం అందింది. గట్టు వెంట ఉన్న ఊళ్లకూ పుస్తకాలు చేరాయి. ఇందులో పెద్ద సాంకేతికత ఏమీ లేదు. జనం ఎక్కడ ఉంటారు, ఎప్పుడు తీరికగా ఉంటారు అన్న రెండు ప్రశ్నలు ఎవరో ఒకరు సరిగ్గా వేసుకున్నారు, అంతే. నేటి మన గ్రంథాలయ వ్యవస్థ వేసుకోనివి సరిగ్గా ఆ రెండు ప్రశ్నలే.

శాఖా గ్రంథాలయాల వేళలు చూడండి. సాధారణంగా ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. ఉదయం 8 గంటలకు గృహిణి వంటింట్లో ఉంటుంది, కూలి మనిషి అడ్డా మీద ఉంటాడు, పిల్లలు బడి దారిలో ఉంటారు. సాయంత్రం 7 అయ్యేసరికి దుకాణంలో పనిచేసేవాడి డ్యూటీ ఇంకా దిగదు. ఈ వేళలకు నికరంగా రాగలిగేది పదవీ విరమణ చేసిన మగవారు. వాళ్లు వస్తున్నారు, దినపత్రికలు తిరగేస్తున్నారు, సంతోషం. మిగిలిన ఊరు రావడం లేదని నిట్టూర్చే ముందు తలుపు మీద రాసిన వేళలను ఎవరి కోసం నిర్ణయించామో చూసుకోవాలి. ఆడవాళ్లు రారు అనే మాట కూడా తరచూ వింటాం. మరుగుదొడ్డి లేని, ఉన్నా తాళం తీయని గదిలో ఏ అమ్మాయి మూడు గంటలు కూర్చుంటుంది?

పాత రోజులన్నీ స్వర్ణయుగమని చెప్పబోవడం లేదు. ఆనాటి పఠన మందిరాలు చాలావరకు చదువుకున్న, కాస్త ఆస్తిపాస్తులున్న అగ్రవర్ణ పురుషుల చొరవతో నడిచాయి. జమీందారు దివాణంలోనో, పెద్దింటి వసారాలోనో, గుడి పక్కనో ఉన్న బీరువా దగ్గరికి ఊళ్లో అందరూ ఒకే రకంగా వెళ్లగలిగేవారు కాదు. దాత పోతే గ్రంథాలయం పోయేది. వారసులు గది అద్దెకిచ్చుకుంటే పుస్తకాలు చెదలపాలయ్యేవి. కాబట్టి చట్టం రావడం మంచిదే. ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో వచ్చిన మద్రాసు చట్టం దేశంలోనే కొత్త దారి వేసింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టం చేసుకుంది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960 చట్టం వచ్చింది. గ్రంథాలయం ఎవరి దయమీదా ఆధారపడకూడదు, పన్నుతో నడవాలి, అందరికీ తలుపు తెరిచి ఉండాలి అన్నది గొప్ప సూత్రం. దాతృత్వాన్ని హక్కుగా మార్చిన సూత్రం అది.

చిక్కు అమలులో వచ్చింది. డబ్బు పన్నుగా మారినప్పుడు దాని మీద అజమాయిషీ కూడా పన్ను కట్టేవాళ్లకు రావాలి. అది రాలేదు. సెస్సును వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. జమ కావలసింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. స్థానిక సంస్థల ఖజానా ఎప్పుడూ బోసిగానే ఉంటుంది గనుక చేతికొచ్చిన సెస్సు పారిశుధ్యానికో, వీధి దీపాలకో, జీతాలకో పోతుంది. బకాయిలు కోట్లకు చేరతాయి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల వేదికల మీద ఈ బకాయిల మాట వస్తుంది, శాలువాలు కప్పాక మరుగున పడుతుంది. గ్రంథాలయం పేరు చెప్పి వసూలు చేసిన డబ్బును మరో పనికి వాడటం ఎంత అవసరానికైనా మాట తప్పడమే. ఇక జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్ష పదవి పార్టీ కోసం కష్టపడినవారికి ఇచ్చే నామినేటెడ్ పదవుల జాబితాలో చేరి చాలా కాలమైంది. ప్రభుత్వం మారితే అధ్యక్షుడూ మారతాడు. గ్రంథపాలకుల ఖాళీలు మాత్రం అలాగే ఉంటాయి. ఒకే మనిషి రెండు మూడు శాఖల తాళంచెవులు మోస్తుంటే ఏ పుస్తకం ఎవరికి పనికొస్తుందో చూసే తీరిక ఎక్కడిది?

ఇంత అలక్ష్యంలోనూ గ్రంథాలయం విలువ ఏమిటో చూడాలంటే హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లాలి. గ్రూప్స్‌కూ, పోలీసు ఉద్యోగాలకూ, ఉపాధ్యాయ పరీక్షలకూ చదివే యువతీయువకులతో అక్కడ కుర్చీ దొరకడం కష్టం. హాల్లో చోటు లేనివాళ్లు ఆవరణలో, చెట్ల కింద కూర్చుంటారు. వీళ్లు గ్రంథాలయం పుస్తకాలు చదవడం లేదు, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుతున్నారు, ఇది గ్రంథాలయం కాదు ఉచిత స్టడీ హాలు అని సాహిత్యాభిమానులు కొందరు ముఖం చిట్లిస్తారు. ఆ చిరాకు నాకు అర్థంకాదు. నలుగురు ఒకే గదిలో అద్దెకుండే చోట, ఒకటే గది ఉన్న ఇంట్లో, నిశ్శబ్దం కూడా కొనుక్కోవలసిన సరుకే. చుట్టుపక్కల అశోక్‌నగర్ వీధుల్లో నెలకు ఇంత అని రుసుము తీసుకునే ప్రైవేటు పఠన గదులు పుట్టుకొచ్చింది అందుకే. గ్రంథాలయాలకు కాలం చెల్లిందనేవారు ఈ వ్యాపారాన్ని ఒకసారి గమనించాలి. గిరాకీ లేని సరుకుకు ఎవరూ దుకాణం తెరవరు. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఒక దీపం, పక్కన తనలాగే చదువుకునే మరో మనిషి: వీటికి డబ్బు పెట్టగలిగినవాడు పెడుతున్నాడు, పెట్టలేనివాడు గ్రంథాలయానికి వస్తున్నాడు. ఏమీ కొనకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చోగలిగిన కప్పున్న చోట్లు మన ఊళ్లలో ఎన్ని మిగిలాయి?

అయితే పరీక్షల అభ్యర్థులతో నిండిన హాలు చూపించి అంతా బాగుందనుకుంటే అదీ పొరపాటే. పరీక్ష పాసైనవాడు మళ్లీ ఆ గడప తొక్కడు. తొక్కే అలవాటు బడి వయసులోనే పడాలి. పిల్లల కోసం ఒక మూల, వాళ్ల చేతికందే ఎత్తులో అరలు, చిరిగితే చిరగనీ అనుకునే గ్రంథపాలకుడు ఉండాలి. చాలాచోట్ల పుస్తకాలు అద్దాల బీరువాల్లో తాళం వెనుక ఉంటాయి. పోయిన పుస్తకానికి ఉద్యోగి జేబులోంచి కట్టవలసి వస్తుందన్న భయం దానికి మూలం. భయపడే ఉద్యోగి పుస్తకాన్ని కాపాడతాడు, పాఠకుణ్ణి పోగొట్టుకుంటాడు.

ఫోన్‌లో దొరకనిదేమిటి అని అడిగేవారికి వేటపాలెం ఒక జవాబు. చీరాల పక్కన నేతపనికి పేరుపడ్డ ఆ ఊళ్లో 1918లో మొదలైన సారస్వత నికేతనం నేటికీ పరిశోధకులను రప్పించుకుంటోంది. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంపుటాల కోసం విశ్వవిద్యాలయాలవాళ్లు సైతం ఒక చిన్న ఊరికి వెళ్లవలసి రావడంలో విశేషం ఉంది. మహానగరాలు పారేసినదాన్ని ఒక పల్లెటూరు దాచిపెట్టింది. ప్రతి మండల కేంద్రం అంత పని చేయలేకపోవచ్చు. కానీ తన ఊరి బడి సావనీర్లు, స్థానిక రచయితల పుస్తకాలు, మూతపడ్డ మిల్లు ఫొటోలు, పాత కరపత్రాలు ఒక బీరువాలో ఉంచడానికి ఏ రాష్ట్రస్థాయి అనుమతీ అక్కర్లేదు. ఏ కంపెనీ సర్వరూ వాటిని వెతుక్కుంటూ రాదు.

ఊరి గ్రంథాలయాన్ని ఊరి చేతిలోనే ఉంచడం ఎలాగో కేరళ నుంచి నేర్చుకోవాలి. అక్కడ 1945లో పి.ఎన్. పణిక్కర్ చొరవతో గ్రంథాలయాల సంఘం ఏర్పడింది. 1989లో చట్టం వచ్చింది. అంటే ఉద్యమం ముందు, చట్టం తర్వాత అన్న క్రమంలో మనకూ వాళ్లకూ తేడా లేదు. తేడా చట్టం రాసుకున్న తీరులో ఉంది. ఊరి గ్రంథాలయం ఊరిదిగానే ఉంటుంది, సభ్యులు తమ కమిటీని ఎన్నుకుంటారు. రాష్ట్ర గ్రంథాలయ మండలి పనితీరును బట్టి శ్రేణి నిర్ణయించి గ్రాంటు ఇస్తుంది. ఏ పుస్తకాలు కొనాలో కమిటీ చూసుకుంటుంది. ఊరి కమిటీకి అజమాయిషీ ఇచ్చే ఆ సగాన్ని మనం వదిలేశాం. పుస్తకాల ఎంపిక పైనెక్కడో జరిగి, కట్టలు కట్టలుగా వచ్చి పడతాయి. మిర్చి రైతుల ఊరికీ బొగ్గుగనుల ఊరికీ ఒకే కట్ట.

కమిటీలంటే పార్టీల కొట్లాటే అవుతుందని అభ్యంతరం చెప్పేవాళ్లుంటారు. కేరళలోనూ ఆ బెడద లేకపోలేదు. కానీ మనదగ్గర నామినేషన్ల పద్ధతిలో ఇప్పుడున్నవాళ్లు పార్టీలవాళ్లు కారా? కనీసం ఊళ్లో ఎన్నికైనవాణ్ణి సాయంత్రం టీ కొట్టు దగ్గర పట్టుకుని అడగొచ్చు. సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమైంది, ఎంత ఖర్చయింది అన్న మూడు అంకెలు ఏటా ప్రతి శాఖ గోడమీద రాయించడం, కొనుగోళ్లలో కొంత వాటాను పాఠకుల కమిటీకి వదలడం చట్టసభలు పూనుకుంటే ఒక సమావేశంలో తేలిపోయే పనులు. అంతదాకా ఆగలేమనుకుంటే వేళలతో మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. పట్టణ శాఖలు రాత్రి 9 దాకా, పల్లె శాఖలు మధ్యాహ్నం బడి వదిలే వేళకు, ఆదివారం రోజంతా తెరిచి ఉంచమని ఒక ఉత్తర్వు, ఖాళీగా ఉన్న గ్రంథపాలకుల కుర్చీల్లో మనుషులు, ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు లోపలి నుంచి పడే గడియ. ముందు ఇవి చేసి, ఆ తర్వాత జనం వస్తారో రారో లెక్కపెట్టుకుందాం.