బొమ్మలో తిరిగేది, యంత్రంలో తిరగనిది

పదవ తరగతి విద్యార్థులకు విద్యుత్ జనరేటరు బొమ్మ కంఠతా వచ్చు. ఒక పక్క ఉత్తర ధ్రువం, మరో పక్క దక్షిణ ధ్రువం, నడుమ దీర్ఘచతురస్రాకారంలో ఒక తీగచుట్ట, దాని కొసలకు రెండు స్లిప్ రింగులు, వాటిని తాకుతూ రెండు బ్రష్షులు. తీగచుట్ట తిరుగుతుంది, కరెంటు పుడుతుంది. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి.

ముప్ఫై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నవాణ్ణి కనుక ఒక మాట అంటాను. ఈ బొమ్మ తప్పు కాదు. కాని పాఠం ఇక్కడే ఆగిపోవడం తప్పు. ఎందుకంటే మన ఇళ్లకు కరెంటు పంపే పెద్ద జనరేటర్లలో తీగచుట్ట తిరగదు! తిరిగేది అయస్కాంతం. తీగచుట్ట దాని చుట్టూ కదలకుండా నిలబడి ఉంటుంది. తిరిగే భాగాన్ని రోటరు అనీ, నిలిచి ఉండే భాగాన్ని స్టేటరు అనీ అంటారు. మనం వాడుకునే విద్యుత్తు పుట్టేది స్టేటరులో. మన పాఠంలో కనబడనిది ఆ స్టేటరే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1831లో మైకేల్ ఫారడే తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి, బయటికి లాగి, కరెంటు పుట్టడం గమనించాడు. మరుసటి ఏడే, 1832లో, పారిస్‌లో హిప్పోలైట్ పిక్సీ చేతితో తిప్పే జనరేటరు తయారుచేశాడు. అందులో తిరిగింది అయస్కాంతమే, చుట్టలు కదలలేదు. అంతదూరం ఎందుకు? మీ తాతగారి పాత సైకిలుకు డైనమో ఉంటే చూడండి. చక్రానికి ఆనుకుని తిరిగేది లోపలి చిన్న అయస్కాంతం. తీగచుట్ట డొల్ల లోపల నిలిచే ఉంటుంది. సైకిలు డైనమో మొదలుకొని సింహాద్రి విద్యుత్ కేంద్రం దాకా ఒకటే పద్ధతి. మన బొమ్మ మాత్రం వేరు.

"ఏది తిరిగితే ఏం సార్, రెండిటి మధ్య సాపేక్ష చలనం ఉంటే చాలదా?" అని మీరు అడగవచ్చు. సూత్రానికి చాలు. యంత్రానికి చాలదు. ఎందుకు చాలదో ఒక లెక్క వేద్దాం.

విశాఖపట్నం దగ్గర పరవాడలోని సింహాద్రి కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. మన దేశంలో ఈ పరిమాణపు జనరేటరు ఒకటి సాధారణంగా 21,000 వోల్టుల వద్ద దాదాపు 16,000 ఆంపియర్ల కరెంటు ఇస్తుంది. మీ ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె తీసుకునేది నాలుగైదు ఆంపియర్లు. తీగచుట్టనే తిప్పితే ఆ 16,000 ఆంపియర్లూ, 21,000 వోల్టుల వద్ద, గిర్రున తిరిగే రింగుల మీదినుంచి బ్రష్షుల ద్వారా రావాలి. నిప్పురవ్వలు లేచి, రింగులూ బ్రష్షులూ కాలిపోవడం ఖాయం. అదే అయస్కాంతాన్ని తిప్పితే? రోటరు ఒక విద్యుదయస్కాంతం. దానికి కొన్ని వందల వోల్టుల ఏకముఖ విద్యుత్తు అందిస్తే చాలు. స్టేటరు నిలిచే ఉంటుంది కనుక, అక్కడ పుట్టిన పెద్ద కరెంటును గట్టిగా బిగించిన మందపాటి లోహపు కడ్డీల గుండా నేరుగా బయటికి తీసుకోవచ్చు.

రెండో లెక్క. ఆవిరితో నడిచే ఈ జనరేటరు రోటరుకు రెండే ధ్రువాలు. 50 హెర్ట్జుల విద్యుత్తు రావాలంటే అది సెకనుకు 50 సార్లు, అంటే నిమిషానికి 3,000 సార్లు తిరగాలి. రోటరు వ్యాసం 1 మీటరు అనుకుందాం. దాని అంచు మీది బిందువు సెకనుకు 157 మీటర్లు, గంటకు 565 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. వృత్త చలనం పాఠంలోని సూత్రం వేసి చూడండి. అక్కడున్న ఒక కిలో తీగను వృత్తంలో పట్టి ఉంచాలంటే సుమారు 5 టన్నుల బరువును ఆపేటంత బలం కావాలి. అటువంటి చోట 21,000 వోల్టులకు ఆగే మందపాటి పూత చుట్టిన తీగలను పెట్టి, అది నలగకుండా, చిట్లకుండా కాపాడటం సాధ్యమా? నిలిచి ఉన్న చోట ఆ బాధ లేదు. చల్లబరచడమూ సులువే. 500 మెగావాట్ల యంత్రంలో స్టేటరు రాగి తీగలు కొన్ని బోలుగా ఉంటాయి, వాటి లోపలి నుంచి శుద్ధమైన నీరు పారుతూ వేడిని తీసుకుపోతుంది.

చూశారా? "ఎందుకు తిరగదు?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఓమ్ నియమం, వృత్త చలనం, ఉష్ణం, విద్యుదయస్కాంత ప్రేరణ అన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. బొమ్మ కంఠస్థం చేసినవాడికి ఇందులో ఒక్కటీ తోచదు. అందుకే ఆ ప్రశ్న పాఠంలో ఉండాలంటాను.

ఇక స్టేటరును ఎలా కడతారో చూద్దాం. కడతారు అనే అంటాను, ఎందుకంటే అది పోతపోసే వస్తువు కాదు, గోడలాగా పేర్చే వస్తువు.

మొదట ఇనుము. ఇనుమును ఒకే ముద్దగా పెడితే, మారే అయస్కాంత క్షేత్రం వల్ల ఆ ముద్దలోనే సుడి ప్రవాహాలు పుట్టి అది ఎర్రగా కాగిపోతుంది. అందుకని సిలికాన్ కలిపిన ఉక్కును అర మిల్లీమీటరు మందం రేకులుగా చేసి, ప్రతి రేకుకూ వార్నీషు పూసి పేరుస్తారు. రేకు మందం సగం చేస్తే సుడి ప్రవాహాల నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. పెద్ద యంత్రానికి నిండు వలయమంత రేకు దొరకదు కనుక ముక్కలుగా కోస్తారు. మేస్త్రీ ఇటుకలు పేర్చినట్లు, కింది వరుస అతుకు మీద పై వరుస ముక్క నడిభాగం వచ్చేటట్లు అమరుస్తారు. 6 మీటర్ల పొడవు స్టేటరులో ఇటువంటి పొరలు 10 వేలకు పైగా ఉంటాయి. పొరకు 6 ముక్కలనుకున్నా 60 వేల ముక్కలు! చాలావరకు చేతితోనే పేరుస్తారు. కొంత ఎత్తు వచ్చినప్పుడల్లా జాక్కులతో నొక్కుతారు. రెండు రేకుల అంచుల మధ్య ఒక చిన్న ఇనుప పొలుసు ఇరుక్కుంటే చాలు, వార్నీషు చెడి, రేకులు కలిసిపోయి, అక్కడ వేడి పుంజుకుని ఇనుమే కరగవచ్చు. అందుకే పేర్చడం అయ్యాక దాని చుట్టూ కేబులు చుట్టి, కరెంటు పంపి, ఎక్కడైనా వేడెక్కుతున్నదేమో వేడిని పట్టే కెమెరాతో వెతుకుతారు.

తరువాత రాగి. స్టేటరు గాడుల్లో పెట్టే కడ్డీ ఒక్క రాగి ముద్ద కాదు, విడివిడిగా పూత ఉన్న సన్నని రాగి పట్టీల కట్ట. గాడి అడుగున ఉన్న పట్టీకీ మూతి దగ్గరున్న పట్టీకీ అయస్కాంత క్షేత్రం ఒకేలా ఉండదు. అలాగే వదిలేస్తే పట్టీల మధ్యనే వృథా ప్రవాహాలు పుడతాయి. దీనికి 1912లో బ్రౌన్ బొవేరీ కంపెనీ ఇంజనీరు లుడ్విగ్ రోబెల్ చక్కని ఉపాయం చెప్పాడు. తరగతిలో ఎప్పుడూ ఒకరే ముందు బెంచీలో కూర్చోకుండా రోజుకొకరు స్థలం మారతారు చూడండి, అలాగే ప్రతి పట్టీ కడ్డీ పొడవునా జడ అల్లినట్లు స్థలాలు మారుతూ పోతుంది. అన్నిటికీ అన్ని చోట్లా సమాన వాటా! వంద ఏళ్లు దాటినా పెద్ద స్టేటర్లలో నేటికీ ఆ అల్లికే.

చివరిది కాకిబంగారం, అంటే అభ్రకం. వేడికీ, విద్యుత్ ఒత్తిడికీ ఇంతగా ఓర్చుకునే పదార్థాలు తక్కువ. ఒకప్పుడు నెల్లూరు సీమలో గూడూరు చుట్టుపక్కల గనుల అభ్రకం విదేశాలకు ఎగుమతి అయ్యేది. నేడు అభ్రకపు పొడితో చేసిన పలుచని పట్టీని కడ్డీకి పొర మీద పొర చుడతారు. నర్సు కాలికి కట్టు కట్టినట్లు ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. తరువాత ఎపాక్సీ రెసిన్ పట్టించి, వేడి, ఒత్తిడితో గట్టిపరుస్తారు. లోపల గాలి బుడగ మిగిలితే అక్కడ మెల్లగా విద్యుత్ ఉత్సర్గం జరిగి ఏళ్ల తరబడి పొరను తినేస్తుంది. తిన్నని భాగానికి పట్టీ చుట్టే యంత్రాలు వచ్చాయి గాని, వంపులూ అతుకులూ ఉన్న చోట చెయ్యే దిక్కు. అన్నీ పూర్తయ్యాక 21,000 వోల్టుల యంత్రానికి 43,000 వోల్టులు ఒక నిమిషం పాటు ఇచ్చి పరీక్షిస్తారు. ఆ ఒక్క నిమిషంలో ఎన్నో నెలల చేతిపని నెగ్గడమో ఓడడమో తేలిపోతుంది.

ఇటువంటి జనరేటర్లను మన దేశంలోనే చేస్తున్నారు. హైదరాబాదు దగ్గర రామచంద్రాపురంలోని భెల్ కర్మాగారం 1960 దశకంలో చెకోస్లొవేకియా సహకారంతో మొదలైంది. 500 మెగావాట్ల యంత్రాలు హరిద్వార్‌లోనూ, జలవిద్యుత్ జనరేటర్లు భోపాల్‌లోనూ తయారవుతాయి. జలవిద్యుత్ స్టేటర్లు మరీ వెడల్పు. అందుకని వాటిని ముక్కలుగా తెచ్చి ఆనకట్ట దగ్గరే కూరుస్తారు.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. పాఠంలో స్టేటరు కనబడకపోతే, దాన్ని కట్టే మనుషులూ కనబడరు. సూత్రం కనిపెట్టినవాడే గొప్పవాడు, రేకులు పేర్చేవాడూ పట్టీ చుట్టేవాడూ కూలివాడు అనే భావం మీకు తెలియకుండానే మీ మనసులో చేరుతుంది. తెలివైనవాడు ఇంజనీరింగుకు, మిగిలినవాడు ఐటిఐకి అనే మాట ఇళ్లలో వింటూనే ఉన్నాం. కాని చేయి సరిగా ఆడకపోతే ఎంత గొప్ప నమూనా అయినా ఆ ఒక్క నిమిషం పరీక్షలో కాలిపోతుంది. గాలి బుడగ మిగలకుండా చుట్టడం ఎంత కష్టమో తెలియని ఇంజనీరు మంచి స్టేటరును రూపొందించలేడు. ఎందుకు చుడుతున్నాడో తెలియని పనివాడు దాన్ని బాగా చుట్టలేడు. ఈ రెండు చదువులనూ మనం బడిలోనే విడదీస్తున్నాం.

ఒక ఏడాది నా తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. వాళ్ల నాన్న మోటార్లు వైండింగు చేసేవాడు. పరీక్షలో జనరేటరు బొమ్మకు అతనికి సగం మార్కులు కూడా రాలేదు. కాని కాలిపోయిన బోరు మోటారు స్టేటరు ఒకటి బడికి తెచ్చి, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి తీగ పోతుందో, ఎందుకలా పోతుందో తోటివారికి అరగంట చెప్పాడు. ఆ రోజు తరగతిలో ఎవరూ గడియారం చూడలేదు. అతనికి తెలిసినదాన్ని కొలిచే ప్రశ్న మాత్రం మన ప్రశ్నపత్రంలో లేదు.

"పదవ తరగతి పిల్లలకు సూత్రం చాలు, తిరిగే చుట్టతో వివరించడం తేలిక" అని తోటి ఉపాధ్యాయులు కొందరంటారు. వివరించడం తేలికే, ఒప్పుకుంటాను. ఆ బొమ్మను తీసేయమనడం లేదు. దాని పక్కన రెండో బొమ్మ ఒకటి వేయమంటున్నాను. పరీక్షలో "భాగాలు గుర్తించుము" అనే ప్రశ్నకు తోడు "పెద్ద జనరేటర్లలో తీగచుట్టను ఎందుకు తిప్పరు?" అని అడగమంటున్నాను. ఏడాదికి ఒక్క పీరియడు పిల్లలను ఊళ్లోని వైండింగు షాపుకు తీసుకుపోదామంటున్నాను. దీనికి ఖర్చేమీ లేదు.

పాఠ్యపుస్తకం మారేదాకా మీరు ఆగనక్కరలేదు. మీ ఊళ్లోనో, పక్క టౌనులోనో వైండింగు షాపు ఉండనే ఉంటుంది. పని ఒత్తిడి లేని వేళ వెళ్లి, "అన్నా, విప్పిన మోటారు ఒకటి చూపిస్తావా?" అని అడగండి. ప్లగ్గులో ఉన్నదాన్ని మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు. అది జనరేటరు కాదు, మోటారు. అయినా దాని స్టేటరులోనూ ఇవే రేకులు, ఇవే గాడులు, ఇదే రాగి. గాడులు ఎన్నో లెక్కపెట్టండి. రేకు అంచును వేలితో తడిమి అది ఎంత పలుచనో చూడండి. తీగ కాలిన చోట మొదట చెడింది రాగా, పూతా అని ఆ అన్ననే అడగండి. ఆయన చెప్పే జవాబు మీ నోటు పుస్తకంలో, జనరేటరు బొమ్మ పక్కనే రాసుకోండి.