తాడు పట్టినవాడి కూలి

వేసవి చివరలో ఈదురుగాలులు మొదలయ్యేసరికి పట్టణాలలో చెట్ల కొమ్మలు కొట్టించే పని ముమ్మరమవుతుంది. తురాయి, నిద్రగన్నేరు లాంటి చెట్లు చూడటానికి ఎంత పచ్చగా ఉన్నా వాటి కొమ్మలు పెళుసు. గాలివానకు ఇంటి కప్పు మీదో, కరెంటు తీగల మీదో విరిగిపడతాయి. అందుకే ఇళ్ళవాళ్ళు, మస్జిద్ కమిటీలు, ఖబ్రస్తాన్ బాగోగులు చూసే పెద్దలు మేస్త్రీని పిలిచి పనిని గుత్తకు మాట్లాడుకుంటారు. మేస్త్రీ తన మనుషులను తెస్తాడు. ఒకడు రంపం తీసుకుని పైకెక్కుతాడు. ఇద్దరు ముగ్గురు కింద ఉంటారు. దారినపోయేవారంతా తలెత్తి పైవాడినే చూస్తారు, కిందివారిని చూసేవారుండరు. సాయంత్రం డబ్బు పంచేటప్పుడు కూడా వారి సంగతి దాదాపు అంతే.

అసలు ఈ కింది మనిషి చేసేదేమిటో ఒకసారి నిలబడి గమనించాలి. పెద్ద కొమ్మను నరికి వదిలేస్తే ప్రహరీ గోడ మిగలదు. అందుచేత నరకబోయే కొమ్మకు ముందే తాడు కట్టి, దాన్ని పై పంగలోంచి పోనిచ్చి కొసను కిందికి వదులుతారు. కిందివాడు ఆ కొసను చెట్టు మొదలుకు రెండు మూడు చుట్లు చుట్టి పట్టుకుంటాడు. ఆ చుట్ల ఒరిపిడి వల్లనే అంత బరువు ఒక మనిషి చేతికి ఆగుతుంది. ఎన్ని చుట్లు వేయాలి, కొమ్మ తెగిన క్షణంలో తాడును ఎంత జారనివ్వాలి, ఎక్కడ మెల్లగా బిగించాలి అన్నది అతని చేతికి తెలియాలి. ఒక్కసారిగా బిగబట్టాడా, ఆ కుదుపు చెట్టంతా ఊపేసి పైవాడి కాలు జారేలా చేస్తుంది. వదులుగా పట్టాడా, కొమ్మ వచ్చి కింద ఎవరి నెత్తినో పడుతుంది. ఇంతలో బడి నుండి వచ్చే పిల్లలను ఆపాలి, పైవాడు అడిగిన పనిముట్టు తాడుకు కట్టి పంపాలి, పడిన కొమ్మ ఇంకా తీగకు ఆని ఉందేమో చూసుకోకుండా చెయ్యి వేయకూడదు. కరెంటు షాక్ కొట్టేది చాలాసార్లు ఆ కొమ్మను లాగేవాడికే. ఈ మనిషిని మన లెక్కల్లో ‘నైపుణ్యం లేని కూలీ’ అని రాసుకుంటాం!

బ్రిటన్‌లో చెట్టెక్కి చేసే పనికి కనీసం ఇద్దరు ఉండి తీరాలి. కింద ఉన్నవారిలో ఒకరికి, పైవాడు గాయపడితే ఆలస్యం లేకుండా ఎక్కి దించగల శిక్షణ, సామగ్రి ఉండాలని అక్కడి భద్రతా సంస్థ మార్గదర్శకం. అంటే పైవాడి ప్రాణం కిందివాడి చేతిలో ఉందని వారు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. మన దేశంలో కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కొబ్బరిచెట్లు ఎక్కేవారికి యంత్రంతో ఎక్కే శిక్షణ మొదలుపెట్టింది. మంచి పనే. కాని కింద నిలిచినవాడికీ నేర్పాల్సింది ఉందన్న ఊహ మనకు ఇంకా రాలేదు.

పైకెక్కినవాడు ప్రాణానికి తెగించాడు కదా, అతనికి ఎక్కువ ఇవ్వాలి కదా అని అడుగుతారు. తప్పకుండా ఇవ్వాలి. మా అభ్యంతరం ఎక్కువ తక్కువల మీద కాదు. పైవాడికి వెయ్యి రూపాయలు ముట్టిన రోజున కిందివాడికి మూడు వందలు చేతిలో పెట్టి పంపడం, ఆకులూ రెమ్మలూ మోసే ఆడమనిషికి అందులోనూ కోత పెట్టడం, ఇదే ప్రశ్న. ఒకే పనికి స్త్రీ పురుషులకు ఒకే కూలి అని 1976 నుండీ చట్టం ఉన్నది. 2019 నాటి వేతనాల కోడ్ కూడా ఆ మాటే చెబుతున్నది.

ఈ సందర్భంలో బద్ర్ యుద్ధానంతర సంఘటన గుర్తుకు తెచ్చుకోదగినది. కొందరు శత్రువును తరిమారు, కొందరు సొమ్ము పోగుచేశారు, మరికొందరు దైవప్రవక్త (స) చుట్టూ కాపలాగా ఉండిపోయారు. ఎవరికి వారు ఇది మా హక్కే అన్నారు. దైవప్రవక్త (స) వారి మధ్య సమానంగా పంచారు. జబ్బుపడిన భార్యకు సేవ చేస్తూ మదీనాలోనే ఉండిపోయిన హజ్రత్ ఉస్మాన్ (రజి)కి సైతం వాటా దక్కింది. యుద్ధ సొమ్ము వేరు, కూలి వేరు అన్నది మాకూ తెలుసు. అయినా కనబడని చోట నిలిచినవాడిని లెక్కలోంచి తీసేయరాదన్నది రెండింటికీ చెల్లుతుంది.

ఇక ఫిఖహ్ విషయం. మద్రసాలో ఖుదూరీ చదివిన పిల్లవాడికి కూడా ఇజారా అధ్యాయంలో మొదట చెప్పేది, కూలి ఎంతో ముందే తెలిసి ఉండాలని. ‘చూసి ఇస్తాలే’ అనే మాటతో పని చేయించుకోవడం ఆ షరతుకు విరుద్ధం. మేస్త్రీతో గుత్త మాట్లాడాం కదా, మిగతాది అతని బాధ్యత అనడం లెక్కకు సరిపోవచ్చు. కాని మన గుమ్మంలో చెమటోడ్చినవాడికి ఏమి దక్కిందో అడిగినందువల్ల పోయేదేమీ లేదు.

‘కట్టె మీరే తీసుకోండి, డబ్బు అడగవద్దు’ అనే బేరం మరొకటి ఉంది. పిండి మరవాడికి అతను విసిరిన పిండిలోంచే కొలత తీసి కూలిగా ఇచ్చే ఒప్పందాన్ని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు చెల్లదన్నారు. అలాంటప్పుడు ఆ పనికి ఊళ్ళో నడిచే కూలి ఇవ్వాలన్నారు. ఆచారాన్ని బట్టి ఇటువంటివాటికి వెసులుబాటు ఇచ్చిన పండితులు కూడా లేకపోలేదు, కనుక మేము ఇక్కడ ఫత్వా ఇవ్వబోవడం లేదు. నిలబడి ఉన్న చెట్టును వ్యాపారికి అమ్మితే అది అమ్మకం, దాని నియమాలు వేరు. కాని కట్టెనే కూలిగా పంచినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మొద్దులు మేస్త్రీ బండికి ఎక్కుతాయి. తాడు పట్టినవాడికి పొయ్యిలోకి నాలుగు రెమ్మలు. పొద్దుపోయాక దుకాణంలో బియ్యానికి రెమ్మలు చెల్లవు.

అన్నిటికంటే కష్టమైన సంగతి గాయం. పైనుండి పడినవాడి చుట్టూ పదిమంది గుమిగూడుతారు, చందాలు పోగవుతాయి. తాడు జారి అరచేతి చర్మం లేచిపోయినవాడికి, కొమ్మ తగిలి నడుము పట్టుకుపోయినవాడికి రెండు వారాలు పని ఉండదు, ఎవరికీ తెలియదు కూడా. ఇంటి యజమాని మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ దేవుణ్ణి చూపిస్తాడు! వైద్యం ఖర్చు ఎవరిదో పని మొదలుకాక ముందే మాట్లాడుకుంటే ఈ దిక్కుమాలిన స్థితి రాదు. ఒక హెల్మెట్, ఒక జత తోలు చేతితొడుగులు అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

కట్టె అడితీలు నడిపేవారిలోనూ, ఇటువంటి మేస్త్రీలలోనూ, తాడు పట్టే కూలీలలోనూ మనవారు ఉన్నారు. కాబట్టి ఇది ఎవరికో చెప్పే మాట కాదు. వర్షాలకు ముందు మస్జిద్ ఆవరణలోని వేపచెట్టు కొట్టించబోయే కమిటీలు ఈసారి చిట్టాలో ‘చెట్టు కొట్టించిన ఖర్చు’ అని ఒక్క పద్దు రాసి ఊరుకోకుండా, ఎంతమంది పనిచేశారు, ఒక్కొక్కరి పేరేమిటి, ఎవరి చేతికి ఎంత ముట్టింది అని రాయించాలి. ఆ డబ్బును అసర్ నమాజుకు ముందే, మేస్త్రీ ఎదుటే, ఎవరిది వారి చేతికి ఇవ్వాలి.